ఒంటి మనిషి పుట్టి

నేను ఒక మనిషికి మాత్రమే సరిపోయే పుట్టిని. వెదురు బద్దలతో అల్లి, అడుగున ప్లాస్టిక్ గోతాలు కుట్టి, పైన తారు పూస్తే తయారయ్యే గుండ్రటి పడవని. పెద్ద బాణలిలా ఉంటానని అందరూ అంటారు. బాణలికైనా రెండు చెవులుంటాయి, ఎటు పట్టుకోవాలో తెలుస్తుంది. నాకు ముందూ లేదు, వెనకా లేదు. తెడ్డు వేయడం రానివాళ్లు ఎక్కితే ఉన్నచోటే గిరగిరా తిరుగుతాను. చేతకానితనం వాళ్లది, తిట్లు నాకు.

కృష్ణ మీద కట్టిన ఒక జలాశయం ఒడ్డున, ఎప్పుడో సముద్రం వైపు నుంచి వలస వచ్చి చేపలు పట్టుకుని బతికే పల్లెకారుల పేట ఉంది. ఆ పేటలో పుట్లు చేసే గవరయ్య నన్ను చేశాడు. అక్కడ వేట జంట పని. భార్య ఒక అంచున కూర్చుని తెడ్డు వేస్తుంది. భర్త ఎదుటి అంచున కూర్చుని వల దింపుతాడు. ఇద్దరి బరువూ కుదిరితేనే పుట్టి నిలుస్తుంది. సంసారంలో కుదరని తూకం నీళ్ల మీద ఎలా కుదురుతుందో గవరయ్యకి కూడా అర్థం కాలేదు. ఏమైతేనేం, పెద్ద పుట్లకే గిరాకీ. మిగిలిన వెదురుతో చేసిన నన్నెవరూ అడగలేదు. ఏడాదిపాటు నాలో మిరపకాయలు ఆరబోశారు.

మాఘమాసంలో మసేనమ్మ వచ్చింది. అంతకు మూడు నెలల ముందు ఆమె భర్త ఎర్రన్న, నీటి అడుగున మునిగిపోయిన పాత ఊరి గోడలకి వల చిక్కుకుంటే విడిపించడానికి దిగాడు. వల పైకి వచ్చింది. మనిషి రాలేదు, శవమైనా దొరకలేదు. ఇప్పుడు ఆ జంట వల వేసుకునే వేటచోటు తనకి రావాలని ఎర్రన్న తమ్ముడు తాతారావు కూర్చున్నాడు. జంట లేనివాళ్లకి చోటు లేదన్నది రేవు కట్టుబాటు. పెద్దలు ఆలోచించి మసేనమ్మకి నెల గడువిచ్చారు. ఆలోగా ఒక్క రోజైనా, ఎవరి సాయమూ లేకుండా, బుట్ట నిండా చేపలు తెస్తే చోటు ఆమెది. లేకపోతే మరిదిది.

"ఒకలికి సరిపడేది కావాల. తేలిగ్గుండాల," అంది గవరయ్యతో.

"ఫైబరుది సూడు మసేనూ. పదేళ్లుంటాది."

"నీళ్లు రోజురోజుకీ ఎనక్కి పోతన్నాయి. అంత దూరం నెత్తిన మొయ్యాల. నీ ఫైబరుని మొయ్యడానికి నువ్వొస్తావేటి మామా?"

"పోనీ థర్మాకోలుది?"

"గాలొస్తే నాకన్నా ముందు అదే ఇంటికెల్లిపోద్ది."

చివరికి మిరపకాయలు దులిపి నన్ను లేపింది. వేళ్లతో తట్టింది, తారు వాసన చూసింది, బోర్లించింది. పెళ్లిచూపుల్లో పిల్లని కూడా ఇంతలా తిరగేసి చూడరు. తర్వాత నెత్తిన పెట్టుకుని పెరడంతా రెండు చుట్లు తిరిగి, దించకుండానే బేరమాడింది.

"ఇద్దరెక్కితే మాత్రం ములిగిపోద్ది. సెప్పలేదనకు," అన్నాడు గవరయ్య.

"రెండోవోడు ఎక్కడున్నాడు మామా?"

గవరయ్య తారు డబ్బా వైపు తిరిగాడు.

మర్నాడు పొద్దున్న, మంచు ఇంకా విడవక ముందే, నన్ను నీళ్లలో పెట్టి ఎక్కింది. ఒంటి మనిషి పుట్టిలో నడిమధ్యన కూర్చోవాలి. కానీ ఆమెది పద్దెనిమిదేళ్ల అలవాటు. పోయి ఒక అంచున కూర్చుంది, ఎదుటి అంచు ఖాళీగా వదిలి. ఇక బోల్తాపడడమేనని నేను సిద్ధపడ్డాను.

పడలేదు. ఎదుటి అంచు కూడా సరిగ్గా అంతే దిగింది. మనిషి సర్దుకు కూర్చున్నప్పుడు వినిపించినట్టే అక్కడి బద్దలు కిర్రుమన్నాయి. నాలో నీటి చుక్క లేదు. అయినా ఆ చోట రెండు పాదాల మేర తడి కనిపించింది.

మసేనమ్మ దాన్ని చూసింది. తెడ్డు ఆపి, కొంగుతో ఒత్తింది.

"తడి కాళ్లతో ఎక్కొద్దని ఎన్నిసార్లు సెప్పాల," అంది.

ఆ తర్వాత రోజూ అంతే. వల అడుగున ఎక్కడ చిక్కుకున్నా దానంతట అదే విడిపోయేది. ఆమె కూరల ధరల గురించీ, మరిది వేషాల గురించీ, చూరు కారడం గురించీ చెబుతూ తెడ్డు వేసేది. జవాబు రాకపోవడం ఆమెకి కొత్త కాదనుకుంటాను, మాటకి మాట అందించుకుంటూ పోయేది. నాకు మాత్రం ప్రాణం మీదికొచ్చింది. నా అంచుకీ నీటికీ మధ్య రెండు వేళ్ల ఎడం. అర బుట్ట చేపలు పడగానే నీళ్లు లోపలికి తొంగిచూసేవి. మిగిలిన చేపల్ని ఆమె మళ్లీ నీళ్లలోకే వదిలేసేది. రేవులో తాతారావు అర బుట్టని చూసి, "నీవల్ల అవదులే వదినా," అనేవాడు. పాపం, ఆ మాటలో జాలి కూడా ఉండేది.

గడువులో చివరి రోజు వల నిండా బొచ్చె చేపలు పడ్డాయి. సగం లాగేసరికి అర బుట్ట దాటింది. నా అంచు మీంచి నీళ్లు లోపలికి దిగడం మొదలుపెట్టాయి. మంచులో ఒడ్డు కనిపించడం లేదు. మసేనమ్మ చేతిలో వల, కాళ్ల దగ్గర చేపలు. ఆమె చేపల వైపు చూసింది. తర్వాత ఎదుటి అంచు వైపు చూసింది.

"నువ్వెలాగూ ములిగినోడివి," అంది మెల్లగా. "నాను ఇంకా బతకాల కదా. దిగు మరి."

అని, అంచు వదిలి, జరిగి నడిమధ్యన కూర్చుంది.

ఒక్క క్షణం నేను ఆవలి వైపు ఒరిగాను. ఆమె తెడ్డు పట్టుకుంది గానీ నీళ్లలో వేయలేదు. అప్పుడు ఆ అంచు కొంచెం కొంచెంగా తేలికపడింది. కొత్తవాళ్లు దిగితే పుట్టి ఎగిరిపడుతుంది. ఇతను దిగడం తెలిసిన మనిషి. ఆమె తాగడానికి తెచ్చుకున్న చెంబులోని నీళ్లు కూడా తొణకలేదు. బయట నీటి మీద ఒక్క సుడి తిరిగి ఆగిపోయింది. ఆమె ముఖం తుడుచుకుని మిగతా వల లాగింది.

రేవులో నిండు బుట్ట దింపగానే పెద్దలు చుట్టూ చేరారు. తాతారావు చేపల్ని కెలికి చూశాడు.

"నిజం సెప్పు వదినా. ఎవులైనా సాయమొచ్చారా?"

"నెల్లాళ్లూ వొచ్చాడు," అంది మసేనమ్మ. "ఇయ్యాల రాలేదు."

తాతారావు ఆమె ముఖంలోకి చూశాడు, తర్వాత నాలోకి చూశాడు. ఎవరని అడగలేదు. చోటు ఆమెదేనని పెద్దలు చెప్పినప్పుడు అందరికన్నా ముందు తల ఊపింది అతనే.

ఆరేళ్లు ఆమెని మోశాను. ఇప్పుడు నా తారు పెచ్చులూడింది, బద్దలు విరిగాయి. ఆమె గుమ్మం పక్కన బోర్లా పడి ఉన్నాను. నా కింద కోళ్లు గుడ్లు పెడతాయి. అదొక గౌరవం. మొన్ననే మసేనమ్మ మరో ఒంటి మనిషి పుట్టిని కొని తెచ్చింది. నీళ్లు ఈ ఏడు గుమ్మం దాకా వచ్చాయి గనక దాని మొదటి ప్రయాణం నేనూ చూశాను. ఆమె తిన్నగా వెళ్లి నడిమధ్యన కూర్చుంది. పుట్టి ఎటూ ఒరగకుండా సమంగా తేలింది. మంచి పుట్టి అలాగే తేలాలి. అయినా అది కనుమరుగయ్యే దాకా దాని ఆవలి అంచునే చూస్తూ ఉండిపోయాను.