వదిలేసినా నడిచే ఇంజను

తాడు మళ్లీ చక్రానికి చుట్టి, ఎడమకాలు చట్రానికి తన్నిపెట్టి, ఊపిరి బిగబట్టి లాగాడు అల్లాబక్షు. గడ్డి కోసే మిషను ఇంజను ఒక్కసారి దగ్గింది. గొట్టంలోంచి తెల్లటి పొగ ముద్దలా బయటికొచ్చి తడిగడ్డి మీద కూర్చుంది. అంతే.

తాడు పిడికి చుట్టిన చీరముక్క ఊడిపోతే మళ్లీ బిగించాడు. అది భార్య జోహరాబీ పాత చీర అంచు. తాడు కోసుకుని ఆయన అరచేతులు పగిలిపోతున్నాయని ఆమే చుట్టి, సూదితో కుట్టిపెట్టింది. ఆకుపచ్చ రంగు పోయి ఇప్పుడది నూనె రంగుకి వచ్చింది.

దాచేపల్లి దగ్గర ఆ సిమెంటు ఫ్యాక్టరీ గెస్ట్‌హౌసు ముందు ఒక ఎకరం పచ్చిక. రాత్రంతా దుమ్ము పడి, తెల్లారేసరికి గడ్డి బూడిద రంగులో ఉంటుంది. గొట్టంతో కడిగితేగాని దాని పచ్చదనం బయటికి రాదు. ఆ దుమ్మే ఇంజను లోపలికీ పోయి మూడేళ్లుగా దాని గొంతు నులుముతోంది. నడిచినా చెయ్యి వదిలితే ఆగిపోతుంది. వేడిమీద ఆగితే మళ్లీ లేవదు. అందుకని పని మధ్యలో దాన్ని ఆపకూడదన్నది అల్లాబక్షుకి ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. మంచినీళ్లు తాగాలన్నా ఒక చెయ్యి ఇంజను వేగం మీట మీదే ఉండాలి.

"లేవలేదా భాయ్?"

వెనక శ్రీకృష్ణ. కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. చిన్న వయసు, చంకలో హెల్మెట్టు.

"తడి పట్టింది సార్. ఎండెక్కితే లేస్తుంది."

"నిన్నా అదే చెప్పావు." శ్రీకృష్ణ గొంతు తగ్గించాడు. "రేపు పొద్దున ఛైర్మన్ గారు దిగుతున్నారు. గడ్డి చూడు, పశువుల్ని తోలేటట్టుంది. గుంటూరాయన మిషనూ మనిషీ కలిపి పంపుతానంటున్నాడు. వాళ్లొస్తే ఆ గది కూడా వాళ్లకే ఇవ్వాల. నా చేతిలో లేదు భాయ్."

అల్లాబక్షు ప్రహరీ వంక చూశాడు. గోడ అవతల రేకుల గది. పిల్లలు లేని ఆ ఇద్దరికీ ఇరవయ్యేళ్లుగా ఇల్లంటే అదే.

"సాయంత్రానికి కోసేస్తాను సార్. ఇంజను మారుస్తాను."

శ్రీకృష్ణ మిషను వంక చూశాడు, తర్వాత మనిషి వంక. "ముందు ఏదన్నా తిను. మొహం సున్నం కొట్టినట్టుంది."

ప్రహరీలో ఒకచోట రాళ్లు జారి మనిషి పట్టేంత సందు ఉంది. ఇంజను చప్పుడు ఆగిందంటే ఆ సందులో జోహరాబీ కనపడుతుంది. ఒక చేతిలో నీళ్ల చెంబు, ఇంకో చేతిలో గుడ్డ. చప్పుడు నడుస్తున్నంతసేపూ ఆమె తన పని తాను చూసుకునేది. మిరపకాయలకి తొడాలు తీసేది, నిద్రపోయేది కూడా. ఆగితే మాత్రం ఎంత నిద్రలో ఉన్నా లేచేది.

ఇప్పుడూ వచ్చింది. ఆయన నీళ్లు తాగుతుంటే గుడ్డతో మెడ తుడిచింది.

"పిడుగురాళ్ల పోయొస్తాను. షెడ్డు బుడాన్ దగ్గర పాత ఇంజన్లున్నాయంట."

"భుజం నొప్పన్నారుగా రాత్రి?"

"లాగీ లాగీ వచ్చిన నొప్పిలే."

"ఈసారన్నా ఆగకుండా నడిచేదాన్ని తెచ్చుకోండి. ఈ సందులోంచి తిరగలేక నా మోకాళ్లు అరిగిపోయినై."

ఆయన నవ్వాడు. తాడు మెడలో వేసుకుని బస్సెక్కాడు.

దారి పొడుగునా కళ్లాల్లో మిర్చి ఎర్రగా పరుచుకుని ఉంది. ఆ ఎరుపు చూసి ఎవరైనా పంట బాగుందనుకుంటారు. దగ్గరికి పోతే తెలుస్తుంది, సగం తాలుకాయ. అంతకు ముందే పత్తిని పురుగు తినేసింది. బస్సులో మనుషులు పెద్దగా మాట్లాడుకోవడం లేదు. కిటికీ పక్కన కూర్చున్న ముసలామె ఆయన్ని ఒకసారి చూసి, అడక్కుండానే గంప ఒళ్లోకి తీసుకుని చోటిచ్చింది.

బుడాన్ షెడ్డు ముందు ఇంజన్లు వరసగా ఉన్నాయి. కిరోసినుతో నడిచే నీళ్ల ఇంజన్లు. ఇంతకు ముందు ఎన్నడూ ఇన్ని లేవు.

"ఏరా బక్షూ, బతికే ఉన్నావా? నీ ముసలి ఇంజను పోయిందా, లేక నువ్వే పోయి దాన్ని పంపించావా అనుకుంటున్నా!"

"అది పోతే నేనూ పోయినట్టే. మంచిదొకటి చూపించు. మాటలు తర్వాత."

బుడాన్ ఎర్రరంగు ఇంజను ముందుకు లాగాడు. కొత్తపెళ్లికూతురులా మెరుస్తోంది. తాడు చుట్టి ఒక్క లాగు లాగితే లేచింది. అల్లాబక్షు గుండె తేలికైంది. ఈ రంగు చూస్తే శ్రీకృష్ణకి నచ్చుతుంది. ఛైర్మన్ గారి కంట్లో పడినా బాగుంటుంది. ఇదే తీసుకుపోదామనుకున్నాడు. బుడాన్ దాన్ని ఆపాక, పక్కనున్న ఇంకో ఎర్ర ఇంజను మీద చెయ్యి ఆనించి చూశాడు. ఇంకా ఎవరూ ముట్టుకోని ఆ ఇంజను కూడా వెచ్చగా ఉంది.

"పొద్దున్నే అన్నింటినీ నడిపిపెట్టావా?"

"బేరగాళ్లొచ్చే టైముకి వెచ్చగా ఉంటే గబుక్కున లేస్తాయని." బుడాన్ సిగ్గుపడకుండా నవ్వాడు. "నీకు అమ్మను లేరా. నీ ఉసురు నాకెందుకు? అదిగో, ఆ మూలది చూడు."

మూల ఇంజను మీద దుమ్ము మందంగా ఉంది. చల్లగా ఉంది. టాంకీ మీద తెల్లరంగుతో ఎవరో పుల్లతో రాసినట్టు 'శ్రీదివ్య' అని ఉంది.

"యలమందయ్యని, కారంపూడి అవతల. కూతురి పేరు రాసుకున్నాడు. రెండేళ్లు పత్తి పోయింది, అమ్మేసి హైదరాబాదు పోయాడు. అపార్టుమెంటు కాపలాకి. ఇంజను దించాక గంటసేపు కదల్లేదు. ఎద్దుని అమ్మినట్టే నిమురుతా నిలబడ్డాడు."

అల్లాబక్షు మెడలో తాడు తీసి చుట్టాడు. మొదటి లాగుకి గుర్రుమంది. రెండో లాగుకి లేచింది. మీట తగ్గించాడు. అలవాటుగా చెయ్యి దానిమీదే ఉంచాడు.

"తియ్యరా చెయ్యి," అన్నాడు బుడాన్.

తీశాడు. ఇంజను ఆగలేదు. బుడాన్ తన టీ గ్లాసు తెచ్చి టాంకీ మీద పెట్టాడు. టీ వణికిందిగాని ఒక్క చుక్క ఒలకలేదు. ఇంకో టీ తెప్పించుకుని ఇద్దరూ తాగారు. అయినా అది అట్లాగే, పడుకున్న మనిషి ఊపిరిలా, నడుస్తూ ఉంది. మూడేళ్లుగా ఒక్క చేత్తో నీళ్లు తాగిన మనిషి రెండు చేతులతో గ్లాసు పట్టుకుని టీ తాగాడు. కళ్లు చెమర్చితే పొగ అన్నాడు.

"ఆ పేరు తుడిచెయ్యనా?"

"ఉండనీ. ఎవరి పిల్లో."

పాత ఇంజను తర్వాత పంపమని, డబ్బు సంగతి పని నిలబడ్డాక చూద్దామని బుడాన్ గోనెసంచి తెచ్చి ఇంజను తానే కట్టాడు. బస్సు మెట్లెక్కించేటప్పుడు భుజంలో నొప్పి మళ్లీ లేచి దవడ దాకా పాకింది. అల్లాబక్షు కడ్డీ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. గ్యాసనుకుని, దాచేపల్లిలో దిగాక సోడా తాగాడు.

మిషను చట్రానికి రంధ్రాలు కలవలేదు. చెక్క ముక్క ఆనించి బోల్టులు బిగించాడు. బెల్టు ఎక్కించేసరికి మధ్యాహ్నం దాటింది. జోహరాబీ అన్నం తెస్తే రెండు ముద్దలు తిని పక్కన పెట్టాడు.

"ఇంకొంచెం తినండి."

"అయ్యాక తింటాను. చీకటి పడితే గీతలు వంకర పోతాయి."

ఇంజను లేచింది. రోలరు కదిలింది. బ్లేళ్ల కిందనుంచి గడ్డి పచ్చటి నీళ్లలా చిమ్మింది. శ్రీకృష్ణ వరండాలోకొచ్చి, చెయ్యెత్తి బొటనవేలు చూపించాడు. గుంటూరుకి ఫోను చేసి రావద్దన్నానని దూరం నుంచే అరిచాడు. అల్లాబక్షుకి ఇంజను హోరులో మాట వినపడలేదుగాని, మొహం చూసి అర్థమైంది. తలూపాడు.

ఆ చివరి నుంచి ఈ చివరికి, ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. కోసిన పట్టీ ఒకటి లేతగా, పక్కది ముదురుగా పచ్చిక పరుచుకుంటూ వచ్చింది. ఒక్కసారీ ఆగలేదు. గోడ అవతల జోహరాబీ తొడాలు తీస్తూ ఆ చప్పుడు వింది. నిశ్చింతగా గోడకి ఆనుకుని, ఎన్నాళ్లకో, పట్టపగలు కునుకు తీసింది.

పొద్దు వాలుతుండగా ప్రహరీ పక్కన ఒక్క పట్టీ మిగిలింది. అల్లాబక్షుకి చెమట చల్లగా పోసింది. కాళ్లు తనవి కానట్టున్నాయి. బెల్టు వదులు చేసి, మీట తగ్గించి, అలవాటు కొద్దీ ఇంజను ఆపకుండా వదిలాడు. నాలుగడుగులు వేసి గోడకి చేరగిలపడి కూర్చున్నాడు. సందు పది బారల దూరంలో ఉంది. పిలుద్దామనుకున్నాడు. ఇంజను చప్పుడు మీద తన గొంతు తనకే వినపడలేదు. సరే, ఒక నిమిషం కూర్చుంటే సర్దుకుంటుందనుకుని, తాడు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

ఇంజను నడుస్తూనే ఉంది. పాతదైతే ఈపాటికి ఆగిపోయేది.

వరండాలో శ్రీకృష్ణ ఆ చప్పుడు విని, ముసలాడు ఇంకా కోస్తూనే ఉన్నాడనుకుని లోపలికి పోయాడు. జోహరాబీ లేచి, పొయ్యి వెలిగించి, మధ్యాహ్నం నుంచీ మనిషి నీళ్లయినా తాగలేదే అనుకుంది. వెళ్దామని లేచి, నడుస్తోంది కదా, పనిలో ఉన్నారు కదా అని మళ్లీ కూర్చుంది. మసీదులో మగ్రిబ్ అజాన్ అయింది.

అజాన్ అయ్యాక కాసేపటికి కిరోసిను అయిపోయి ఇంజను ఆగింది.

ఆమె చెంబు ముంచుకుని, గుడ్డ భుజాన వేసుకుని సందులోంచి వచ్చింది. "ఇదీ ఆగిందా?" అని నవ్వుతూ అడిగింది. ఆయన పలకలేదు. దగ్గరికొచ్చి పక్కన కూర్చుని, ముందు మెడ తుడిచింది. తర్వాత చెంబు పెదవులకి ఆనించింది. నీళ్లు గడ్డం మీదుగా జారి, చొక్కా తడిపి, ఒళ్లో ఉన్న తాడు మీదికి కారాయి.

మర్నాడు ఛైర్మన్ గారి కారు వచ్చి వెళ్లింది. గోడ పక్కన మిగిలిన ఆ పట్టీని శ్రీకృష్ణ ఎవరినీ కొయ్యనివ్వలేదు. మిషను అక్కడే ఉంది. టాంకీ మీద శ్రీదివ్య పేరు మీద అప్పుడే సన్నగా సిమెంటు దుమ్ము పడుతోంది. మిషను పిడికి తగిలించిన తాడు కొసన ఆకుపచ్చ చీరముక్క, రాత్రి నీళ్లకి నానిన చోట మాత్రం తన పాత రంగు తేరి, ఇంకా ఆరలేదు.