కూర్మయ్య దాహం

తిత్లీ తుఫాను తీరం దాటింది గురువారం. గురువారమే కూర్మయ్యకు డయాలసిస్ రోజు.

తెల్లారేసరికి ఊళ్ళోంచి బయటికి పోయే తారురోడ్డు కనబడలేదు. కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడున్నాయి. వాటి మీద కరెంటు స్తంభాలు, తీగలు, జీడిచెట్ల కొమ్మలు. కూర్మయ్య ఇంటి రేకులు సగం ఎగిరిపోయి ఒక మూల మాత్రమే తడవకుండా మిగిలింది. భార్య గురమ్మ అతణ్ణి ఆ మూలకి చేర్చి, బయటికి వచ్చి రోడ్డు కేసి చూసింది. లోపలికెళ్ళి తడిసిన బియ్యం మూట విప్పి ఆరబోసింది.

కూర్మయ్య సముద్రం మీద చేపల వేటకి వెళ్ళే మనిషి. నలభై దాటాడో లేదో కిడ్నీలు రెండూ పోయాయి. ఎందుకు పోయాయో ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. తాగే నీళ్ళలో ఉందన్నారు, మట్టిలో ఉందన్నారు. ఆ రోగం లేని వీధి ఆ చుట్టుపక్కల ఊళ్ళలో లేదు. వారానికి రెండుసార్లు టౌను ఆసుపత్రికెళ్ళి మిషను పక్కన పడుకుంటే రక్తం శుభ్రమవుతుంది. ఆ మధ్య రోజుల్లో తాగిన నీళ్ళు బయటికి పోవు, ఒంట్లోనే ఉండిపోతాయి. కాళ్ళు ఉబ్బుతాయి, ఊపిరాడదు. అందుకని నీళ్ళు కొలిచి తాగాలి. కొలత గురమ్మది. ఆమె ఇచ్చినప్పుడే తాగాలి, ఇచ్చినంతే తాగాలి.

ఇది కూర్మయ్య తల్లి గున్నమ్మకి గిట్టేది కాదు. గున్నమ్మ ముప్పై ఏళ్ళు తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మిన మనిషి. "పగోడికైనా గుక్కెడు నీళ్ళిస్తారే! నా కొడుకు నోరెండి సస్తంటే నా కోడలు గ్లాసు దాసీస్తాది" అని కనబడినవాళ్ళందరికీ చెప్పేది. గురమ్మ మొదట్లో జవాబు చెప్పేది, తర్వాత మానేసింది.

శుక్రవారానికి ఊళ్ళో తాగడానికి నీళ్ళు లేవు. కరెంటు లేక వాటర్‌ప్లాంటు ఆగిపోయింది. బావుల్లో ఆకులూ ఉప్పునీళ్ళూ చేరాయి. కానీ కొబ్బరిబొండాలు కాళ్ళకి తగులుతున్నాయి. పిల్లలూ పెద్దలూ కత్తులు పట్టుకుని పడిపోయిన చెట్ల మీదే కూర్చుని కొట్టుకు తాగారు. జీవితమంతా పెంచిన తోటలు పోయాయని ఏడుస్తూనే తాగారు.

గురమ్మ ఒక చెంబుడు వాననీళ్ళు పట్టి కాచి దాచింది. ఆ మధ్యాహ్నం దారి వెతకడానికి తమ్ముడు నాగబాబుతో బయల్దేరుతూ అత్తగారికి మరోసారి చెప్పింది.

"అత్తా, సెంబులోది ఒక్క గ్లాసు. అంతకి మించి అడిగితే తడిగుడ్డ నోట్లో ఎట్టు. కొబ్బరినీళ్ళు మాత్రం సుక్క కూడా ఇయ్యకు. దాన్లో ఉన్నదేదో ఈడి గుండిని ఆపీస్తాదంట. ఆసుపత్రిలో ఎన్నిసార్లు సెప్పినారో."

"కొబ్బరినీళ్ళా? ఓలమ్మ, కిడ్నీలో రాళ్ళే కరిగిపోతాయి దాంతోటి!"

"రాళ్ళున్నోళ్ళకి అత్తా. ఈడికి కాదు."

గున్నమ్మ మొహం పక్కకి తిప్పుకుంది.

గురమ్మ వెళ్ళిన కాసేపటికే కూర్మయ్య తన గ్లాసు తాగేశాడు. ఆ రోజు తుఫాను తర్వాతి ఎండ. సగం కప్పు లేని ఇల్లు పొయ్యిలా కాలింది. నాలుక అంగిటికి అంటుకుపోయింది. తడిగుడ్డ చీకాడు. గుమ్మం బయట పక్కింటివాళ్ళు బొండాం కొడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"అమ్మా, ఒక్కటి."

"నీ పెల్లాం వొద్దన్నాది రా."

"దానికి సెప్పకు. ఒక్కటమ్మా. నాను సచ్చిపోతే ఈ దాహంతోటే పోతాను."

తల్లికి ఆ మాట చాలు. బొండాం చెక్కి రెండు చేతులా పట్టుకుని నోటికి అందించింది. కూర్మయ్య ఊపిరి తీసుకోకుండా తాగాడు. గెడ్డం మీంచి కారిన చుక్కల్ని కూడా తుడుచుకుని నాకాడు. ఏళ్ళ తర్వాత కడుపునిండా తాగిన ఆనందానికి అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొడుకు మొహంలో ఆ తేట చూసి గున్నమ్మ ఇంకొకటి కొట్టింది. తర్వాత ఇంకొకటి.

గురమ్మ చీకటి పడేవేళకి తిరిగొచ్చింది. రోడ్డు తెరవడానికి ఇంకా చాలా రోజులు పడుతుందన్నారు. ఉప్పుమళ్ళ గట్ల మీంచి నౌపడ దాకా నడిచి వెళ్ళొచ్చు, అక్కణ్ణుంచి బండి దొరకొచ్చు. అంతే తెలిసింది.

శనివారం పొద్దున్న కూర్మయ్య లేవబోయి కూలబడ్డాడు.

"కాళ్ళు నావి కావే గురమ్మా. సచ్చుపడిపోనాయి."

గురమ్మ అతని పాదాలు నొక్కి చూసింది. ఉబ్బు ఉంది, కానీ కాళ్ళు పడిపోయేంత కాదు. ఊపిరి కూడా మరీ ఎగదన్నడం లేదు. ఇది ఎప్పుడూ వచ్చే బాధ కాదని ఆమెకి తెలిసింది. ఏమిటో తెలియలేదు.

నాగబాబు పాత వల నాలుగు మడతలు వేసి వెదురుబొంగుకి డోలీ కట్టాడు. మరో ముగ్గురు వేటగాళ్ళు భుజం పట్టడానికి వచ్చారు. చెట్ల కిందనుంచి దూరుతూ, పైనుంచి ఎక్కుతూ ఊరు దాటేసరికే వాళ్ళ భుజాలు కమిలిపోయాయి. వెనక గురమ్మ, ఆమె వెనక గున్నమ్మ.

"నువ్వెందుకత్తా, అంత దూరం నడవలేవు" అంటే గున్నమ్మ వినలేదు.

ఉప్పుమళ్ళ గట్లు తెగిపోయి ఉన్నాయి. మోకాలి లోతు బురదలో దిగి, డోలీ తడవకుండా ఎత్తి పట్టుకున్నారు. అక్కడ కూర్మయ్య మాట ముద్దగా వచ్చింది.

"పెదాలు తిమ్మిరెక్కినాయి."

గురమ్మ డోలీ ఆపించింది. అతని గుండె మీద చెయ్యి పెట్టింది. ఒకసారి కొట్టుకుని, మళ్ళీ కొట్టుకోవడానికి ఆలోచిస్తున్నట్టు ఉంది.

"మావా, నిన్న ఏటి తాగినావు?"

కూర్మయ్య కళ్ళు మూసుకున్నాడు. "నువ్విచ్చిందే."

గున్నమ్మ బురదలో అలాగే నిలబడిపోయింది.

"అప్పా, అడగడాలు తరవాత. బేగి నడు" అన్నాడు నాగబాబు అక్కతో.

నౌపడ రోడ్డెక్కాక కరెంటు స్తంభాలు దింపేసిన లారీ ఒకటి టౌను కేసి ఖాళీగా తిరిగి వెళ్తూ కనబడింది. గురమ్మ రోడ్డు మధ్యలో కూర్చుండిపోయింది. డ్రైవరు తిట్టబోయి, డోలీ చూసి, దిగి తనే ఓ చెయ్యి వేశాడు.

ఆసుపత్రి వరండా నిండా మనుషులే. డయాలసిస్ రోగులు గోడలకి ఆనుకుని, ఉబ్బిన మొహాలతో ఊపిరి కోసం పెనుగులాడుతున్నారు. డాక్టరు ఝాన్సీ రెండు రోజులుగా ఇంటికి వెళ్ళలేదు. కూర్మయ్య ఛాతీ మీద తీగలు అంటించి, మిషన్లోంచి వస్తున్న కాగితం చూసి ఆమె గొంతు మార్చింది.

"పొటాషియం బాగా పెరిగిపోయింది. గుండె ఏ క్షణానైనా ఆగిపోతుంది. ఏం తిన్నాడు? ఏం తాగాడు? నిజం చెప్పండి."

"ఏమీ ఇయ్యనేదు డాక్టరమ్మా. కొలిసే ఇచ్చినాను..." అంది గురమ్మ.

"నాను ఇచ్చినాను" అంది వెనకనించి గున్నమ్మ. "కొబ్బరినీళ్ళు. మూడు బొండాలు. దాహం అన్నాడు తల్లీ. నా సేత్తో పట్టినాను."

గురమ్మ వెనక్కి తిరిగి అత్తగారి భుజాలు పట్టుకుని కుదిపేసింది. "సెప్పినాను గదే! ఎన్నిసార్లు సెప్పినాను! సంపీసినావు గదే!" అని అరిచింది. అత్తగారిని ఆమె ఎన్నడూ తిట్టింది లేదు. నాగబాబు వచ్చి విడదీశాడు. గున్నమ్మ దెబ్బలకి సిద్ధపడిన మనిషిలా తల వంచుకుని నిలబడింది.

డాక్టరు అప్పటికే నరంలోకి సూది ఎక్కిస్తోంది. "ఈ ఇంజెక్షన్లు గుండెని కాసేపు కాస్తాయి. అంతే. వెంటనే మిషనెక్కించాలి. ధర్మారావుగారూ!"

టెక్నీషియన్ ధర్మారావు గుమ్మంలోనే తల అడ్డంగా ఊపాడు. "జనరేటరు ఉంది మేడం. డీజిలూ ఉంది. నీళ్ళు లేవు. మోటారు పనిచెయ్యక ట్యాంకు అడుగంటిపోయింది. ఒక్క మనిషికి వంద లీటర్లు పైన కావాలి. ట్యాంకర్ వస్తన్నాదన్నారు, దారిలో ఎక్కడుందో తెలీదు."

గురమ్మ ఆ మాటే తిరిగి అడిగింది. "నీళ్ళు లేకా?"

"మిషన్లోకి నీళ్ళు కావాలమ్మా. ఏ నీళ్ళైనా పరవాలేదు, ఇక్కడ ఫిల్టరు చేస్తాం. కానీ ఉండాలి కదా."

ఆసుపత్రి వెనక సందులో చేతిపంపు ఉంది. గురమ్మ వార్డులో ఊడ్చే మనిషి దగ్గర బకెట్లు అడిగి తీసుకుంది. నాగబాబు, వేటగాళ్ళు ముగ్గురూ పంపు కొట్టారు. వరండాలో ఉన్న రోగుల తాలూకు మనుషులు విషయం తెలుసుకుని ఒక్కొక్కరే లేచారు. బిందెలు, ఐస్ పెట్టెలు, ప్లాస్టిక్ డబ్బాలు, ఏది దొరికితే అది. గురమ్మ పరుగెత్తింది. ఇన్నేళ్ళుగా మొగుడికి చుక్క ఎక్కువ పడకుండా చూసిన చేతులతో బకెట్లకి బకెట్లు గుమ్మరించింది. ఒలికినప్పుడల్లా ఏడ్చింది. గున్నమ్మ తట్ట మోసినట్టే నెత్తిన బిందె పెట్టుకుని వెనకే వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఒకసారి మెట్ల దగ్గర ముసలిది తూలితే గురమ్మ బిందె పట్టుకుంది. వదిలేసి వెళ్ళిపోయింది.

ఫిల్టర్లు తిరగడం మొదలయ్యేసరికి పొద్దు వాలింది. ఆ లోపల కూర్మయ్య గుండె ఒకసారి తడబడితే డాక్టరు మరో ఇంజెక్షను చేసింది. ముందు ఎవరిని ఎక్కించాలనే మాట వచ్చినప్పుడు, ఊపిరాడక నీలంగా మారుతున్న కుర్రవాడొకడి తండ్రి చేతులు జోడించి నిలబడ్డాడు. ఇద్దర్నీ ఎక్కించారు. కానీ అందరికీ సరిపోవాలి కాబట్టి ఎవరికైనా సగం సేపే అన్నాడు ధర్మారావు.

సగం సేపు చాలింది. చావకుండా ఉండడానికి చాలింది. మిషను ఆపేసరికి కూర్మయ్య కాలివేళ్ళు కదిపాడు.

మిగతా సగం కోసం అక్కడే ఉండిపోయారు. దారి తెరిచేదాకా ఊరికి పోయి లాభం లేదు. వరండాలో ఒక మూల గోనెపట్టా వేసుకున్నారు. నాగబాబు ఊరికెళ్ళి ఇల్లు చూసుకు రావాల్సి వచ్చింది. గున్నమ్మని తనతో రమ్మన్నాడు. ఆమె వెళ్ళలేదు, అలాగని కొడుకు దగ్గరకీ రాలేదు. కాస్త ఎడంగా స్తంభానికి ఆనుకుని కూర్చునేది. కూర్మయ్య మంచినీళ్ళడిగితే లేచి వీధిలోకి వెళ్ళిపోయేది.

ఆ మర్నాడు ఎవరో స్వచ్ఛందంగా తెచ్చిన అన్నం పొట్లాలు పంచారు. గురమ్మ పప్పు పడదని పక్కన పెట్టేసి, ఉత్త అన్నంలో మజ్జిగ చుక్క వేసి కలిపింది. కూర్మయ్య తల్లి కేసి చూశాడు.

"అమ్మా, నువ్వెట్టు."

గున్నమ్మ రెండు చేతులూ చీర కుచ్చిళ్ళ మధ్య దాచుకుంది. "నా సెయ్యి మంచిది కాదు నాయినా. నీ పెల్లాన్నెట్టమను."

గురమ్మ అన్నం కలిపిన చేత్తోనే స్తంభం దగ్గరకి వెళ్ళి అత్తగారి ఎదురుగా కూలబడింది.

"నాను కూడా ఇచ్చీదాన్నే" అంది. "ఆ రోజు నానింటికాడుండి, ఆడు ఆ మాట అనుంటే, నాను కూడా ఇచ్చీదాన్నే. ఎన్నాళ్ళని కాదంతాను? మనిసిని గదా."

గున్నమ్మ కోడలి మొహం చూసింది. నమ్మిందో లేదో తెలియదు.

"కోపం పోనాదా నా మీద?"

"పోనేదు" అంది గురమ్మ. "రా. అన్నం ఆరిపోతాది."

ముసలామె వచ్చి కొడుకు పక్కన కూర్చుంది. ముద్ద చేతిలోకి తీసుకుని ఆగింది. "ఇది ఎట్టొచ్చా?" అని కోడల్ని అడిగింది. గురమ్మ తలూపింది. మళ్ళీ అడిగింది. గురమ్మ మళ్ళీ తలూపింది. సగం మెతుకులు వేళ్ళ సందుల్లోంచి గోనెపట్టా మీద పడ్డాయి. మిగతా సగం కూర్మయ్య తిన్నాడు.

లోపల జనరేటరు ఆగి మళ్ళీ అందుకుంది. ధర్మారావు బయటికి వచ్చి, సాయంత్రం దాకా ఇంక నీళ్ళు సరిపోవని చెప్పాడు. గురమ్మ చెయ్యి కడుక్కోకుండానే లేచి బకెట్టు తీసుకుంది.