మూడుసార్లు అరిచామన్నారు

రొట్టె అంచులు కోసెయ్యకపోతే మగవాళ్ళు తినరని అత్తగారు ఐరిస్ మళ్ళీ చెప్పింది. గ్లెనిస్ కోస్తూనే ఉంది. వారమంతా డెట్‌ఫర్డ్ సంతలో తెరగుడ్డల అంగడి దగ్గర నిలబడి కాళ్ళు వాచిన మనిషికి మిగిలేది ఆదివారం ఒక్కటే. ఆ ఆదివారమే భర్త క్లైవ్ తన జట్టులోని ముగ్గురు పోలీసులను ఇంటికి పిలిచాడు. మర్నాడు కోర్టులో, వాళ్ళు కాల్చిన కుర్రాడి మరణ విచారణ మొదలవుతుంది.

రెండేళ్ళ క్రితం వేసవిలో లండన్‌లో బాంబులు పేలాయి. ఆ తర్వాత వారాల తరబడి వీపున సంచి ఉన్న ప్రతి మనిషినీ జనం అనుమానంగా చూశారు. ఆ రోజుల్లోనే ఒక పొద్దున మామూలు బట్టల్లో ఉన్న నలుగురు పోలీసులు బస్సు పైఅంతస్తుకు ఎక్కి వీల్మెర్ అనే కుర్రాణ్ణి కాల్చారు. బొలీవియా నుంచి వచ్చి ఇళ్ళకు పూత పని చేసుకునేవాడు. వాళ్ళు వెతుకుతున్న మనిషి ఉండే మేడలోనే అద్దెకు ఉండడం తప్ప అతను చేసిన నేరం లేదు. కాల్చిన చేతుల్లో ఒకటి క్లైవ్‌ది.

గ్లెనిస్ పళ్ళెంతో ముందుగదిలోకి వెళ్ళింది. తలుపు చప్పుడుకు గొంతులు తగ్గాయి. వచ్చింది గ్లెనిసే అని చూసి మళ్ళీ లేచాయి.

"వదినా, ఈ శాండ్‌విచ్‌లు చూస్తుంటే మా ఆవిడ మీద కేసు పెట్టాలనిపిస్తోంది," అన్నాడు జట్టు పెద్ద బ్యారీ. "టీ ఇంకాస్త చిక్కగా ఉంటే నీకు మెడల్ ఇప్పిస్తాను."

"ముందు నీ కప్పు కింద చెక్క పెట్టుకో, బల్ల మీద మరకలు పడుతున్నాయి," అంది గ్లెనిస్.

అందరూ నవ్వారు. బ్యారీ మళ్ళీ పనిలో పడ్డాడు. "సరే, చెప్పండ్రా. రేపు అడిగితే ఏమంటాం?"

"సాయుధ పోలీసులం అని మూడుసార్లు గట్టిగా, స్పష్టంగా అరిచాం," అన్నాడు ఒకడు. "అయినా అతను కోటులోకి చెయ్యి పోనిచ్చాడు."

రెండోవాడూ అదే అన్నాడు. క్లైవ్ కూడా అన్నాడు. గట్టిగా, స్పష్టంగా. గ్లెనిస్ చేతిలోని పాలగిన్నె కప్పు మీద అలాగే ఆగింది.

సంతలో ఇద్దరు టోకు వ్యాపారులు సరుకు ఆలస్యానికి ఒకే సాకు చెబితే ఆమె పట్టించుకోదు. ఒకే సాకు ఒకే మాటల్లో చెబితే మాత్రం పొద్దున ఇద్దరూ కలిసి టీ తాగారని తెలుసుకుంటుంది. నిజం చెప్పేవాళ్ళకు ఒకరి మాట ఒకరికి కలవదు. ఒకడికి రంగు గుర్తుంటుంది, ఇంకొకడికి వాన గుర్తుంటుంది. ఇక్కడ మూడు నోళ్ళకూ ఒకే కొలతతో కత్తిరించిన మాట. కాల్పుల తర్వాత అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని వాంగ్మూలం రాసుకోవడం పోలీసుల్లో తప్పు కాదు, పద్ధతే. అప్పుడూ మర్నాడు అలాగే రాశారు. కానీ క్లైవ్ ఆ బల్ల దగ్గరకు వెళ్ళకముందు, ఆ సాయంత్రం ఇంటికి వచ్చాడు. ఒంటి మీది బట్టలు సాక్ష్యం కోసం తీసుకున్నారని ఎవరివో వదులు బట్టలు వేసుకుని స్నానాల తొట్టి అంచున కూర్చున్నాడు. చేతులు కడుక్కోమంటే కదలకపోతే గ్లెనిసే కడిగింది. "నవ్వాడు గ్లెన్," అన్నాడు అప్పుడు. "టికెట్లు చూసేవాళ్ళమనుకున్నాడు. వాళ్ళూ మామూలు బట్టల్లోనే ఎక్కుతారుగా. పాస్ తీద్దామని చెయ్యి లోపల పెట్టాడు. మాలో ఎవడూ నోరు తెరవలేదు. అంత వ్యవధే లేదు."

ఆ రాత్రి అన్నది మళ్ళీ ఎప్పుడూ అనలేదు. ఆమె అడగలేదు. ఇప్పుడు కప్పులో పాలు పోస్తూ ఆ రెండేళ్ళనూ వెనక్కి తిప్పి చూసుకుంది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో చెంచా కడగని మనిషి ఆ వేసవి నుంచి గిన్నెలు కడుగుతున్నాడు. అంగడి దగ్గరకు వచ్చి గుడ్డల తానులు మోస్తున్నాడు. మొగుడికి బుద్ధి వచ్చిందని, పక్క అంగడి వాళ్ళకు గొప్పగా చెప్పుకుంది కూడా. ఆమె ప్రేమ అనుకున్నది బేరం. సరుకు ఏమిటో చెప్పకుండా ఆమె నోటిని కొన్నాడు.

వాళ్ళు వెళ్ళాక క్లైవ్ వంటగదిలోకి వచ్చి చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"వదిలెయ్, నేను కడుగుతాను," అంది.

"ఏమైంది?"

"ఎవరూ అరవలేదన్నావు నాతో."

అతను కుళాయి కట్టేశాడు. "ఆ రోజు నేను నాలో లేను. ఏదో వాగి ఉంటాను. నువ్వు సరిగా వినలేదేమో."

"నీ చేతులు నా చేతుల్లో ఉన్నాయి. సరిగానే విన్నాను."

"నేను కావాలని చంపలేదు గ్లెన్."

"తెలుసు. ఆ మాటే చెప్పు. అరవలేదని కూడా చెప్పు."

"ముగ్గురూ ఒకటి చెబితే నేనొక్కణ్ణీ ఇంకోటి చెప్పాలా? ఉద్యోగం పోతుంది, పింఛను పోతుంది. వ్యాపారం చేసేదానివి, లాభనష్టాలు నీకు ఒకరు చెప్పాలా?"

"ఆ లెక్క చూశాను. మీరు అరిచారంటే తప్పు ఆ పిల్లాడిది అవుతుంది. వాళ్ళ అక్క నెలీదా రేపు అక్కడ కూర్చుని, పోలీసులు మూడుసార్లు హెచ్చరించినా తన తమ్ముడు వినలేదని వినాలి. ఆ నష్టం ఎవరి ఖాతాలో రాస్తావు?"

ఐరిస్ గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడింది. ఆమె భర్త కూడా పోలీసే. "మీ మామయ్య స్టేషన్ నుంచి ఏం మోసుకొచ్చినా ఈ ఇంట్లోనే దించేవాడే. నేను ఏనాడైనా గడప దాటించానా? పెళ్ళాం అంటే అదీ."

"మీరింకా మోస్తూనే ఉన్నారు కదా అత్తయ్యా."

ఐరిస్ గుమ్మాన్ని పట్టుకుంది.

"అయినా నిన్నెవడు అడుగుతాడు?" అన్నాడు క్లైవ్, ఈసారి మెత్తగా. "ఆ బస్సులో నువ్వు లేవు. పొద్దున్నే నా తెల్లచొక్కా ఇస్త్రీ చెయ్యి. అది చాలు."

చేసింది. మర్నాడు విచారణ గదిలో పోలీసుల కుటుంబాలకు వేసిన కుర్చీల్లో కూర్చుంది కూడా. బేరంలో ఎదుటివాడికి చివరి మాట చెప్పే అవకాశం ఇవ్వడం ఆమె అలవాటు. అవతలి వరసలో నల్లకోటు వేసుకున్న నెలీదా, దుభాషి చెప్పే మాట కోసం తల పక్కకు వంచి ఉంది. క్లైవ్ ప్రమాణం చేసి ఒక్కసారి గ్లెనిస్ వైపు చూశాడు. ఆమె కళ్ళు దించలేదు. అతనే దించుకున్నాడు.

"మూడుసార్లు," అన్నాడు. "గట్టిగా, స్పష్టంగా."

దుభాషి మెల్లగా చెప్పింది. నెలీదా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

విరామం ఇవ్వగానే గ్లెనిస్ లేచి, గది మధ్యలోంచి నడిచి, కాగితాలు సర్దుకుంటున్న కోర్టు ఉద్యోగి ముందు నిలబడింది. వెనక నుంచి బ్యారీ, "వదినా, టీ ఇటువైపు," అని పిలిచాడు. ఆమె తిరగలేదు.

"మీరు సాక్షి భార్య కదమ్మా?" అన్నాడు ఉద్యోగి. "మీ వాళ్ళ గది అటు."

"తెలుసండీ. ఇప్పుడు ఆయన చెప్పింది ఆ రోజు సాయంత్రం నాతో చెప్పలేదు. నాతో చెప్పింది వేరే. ప్రమాణం చేసి చెబుతాను, ఎక్కడ నిలబడాలి?"