పిలిచింది నేనే

పడవలను దిబ్బ మీదికి లాగాలి. వలలు మోసుకురావాలి. మేకల తాళ్లు విప్పెయ్యాలి. తుఫాను షెల్టరు తాళం తీసి, బిందెల్లో మంచినీళ్లు నింపాలి. ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టాలి. ముసలివాళ్లను ముందు ఎక్కించాలి. ఆఖరున షెల్టరు మేడ మీదికెళ్లి నన్ను తిప్పాలి. మార్గశిరంలో వాయుగుండం కబురొస్తే మా ఊరివాళ్లు చేయాల్సిన పనులివి.

నేను ఒక చేతి సైరన్ను. ఇనుప కడుపు, ఎర్ర రంగు, పక్కన తిప్పడానికో పిడి. పుట్టింది పట్నంలో ఒక రేకుల షెడ్డులో. మొదట జూట్ మిల్లులో ఉండేదాన్ని. కరెంటు పోయినప్పుడు కాపలావాడు నన్ను తిప్పితే, కూలీలు తిట్టుకుంటూ పనిలోకి వచ్చేవారు. మిల్లు మూతపడ్డాక పాత సామాన్లతో పాటు చేతులు మారి, సముద్రం ఒడ్డున ఈ ఊరికి చేరాను. నాకున్నది ఒకటే అరుపు. దాని అర్థం మనుషులు పెట్టుకుంటారు.

ఇక్కడ నన్ను చూసుకునేవాడు దానయ్య. వలతాడు బిగుసుకుని వేళ్లు పోయాక వేట మానేసినవాడు. రోజూ నూనెగుడ్డతో నన్ను తుడిచేవాడు. అతని భార్య పోలమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగేది.

"ఏడాదికోపాలి అరిసీదానికి ఇన్ని సేవలేటి మావా? నా నడుంకి ఓ సుక్క నూనె రాసినావా ఎప్పుడైనా?"

"తిప్పకపోతే తుప్పట్టదేటి మరి?"

"అయితే పడవలొచ్చినపుడల్లా తిప్పు. గంపట్టుకుని అందరికన్నా నానే ముందెల్తాను."

ఊరంతా నవ్వింది. నవ్వి ఊరుకోలేదు, అలాగే కానిచ్చారు. పడవలు కనబడితే దానయ్య నన్ను తిప్పేవాడు. ఆడవాళ్లు గంపలతో ఒడ్డుకి పరుగెత్తేవారు, అందరికన్నా ముందు పోలమ్మ. ఏళ్ల తరబడి పెద్ద తుఫాను రాలేదు. నా అరుపంటే చేపలే అయిపోయింది. నాకూ అది నచ్చింది. నేను పిలిస్తే నవ్వుతూ వచ్చే మనుషులను అప్పుడే చూశాను.

ఆ మార్గశిరంలో తుఫాను ఒరిస్సా వైపు పోతుందన్నారు. పోలేదు. పొద్దున వేటకెళ్లిన పడవలు గాలికి జడిసి తిరిగొచ్చేశాయి; ఆ హడావుడిలో నన్నెవరూ తిప్పలేదు. మధ్యాహ్నానికి సముద్రం దిబ్బ అంచు కొరుకుతోంది. దానయ్య ప్రతి తలుపూ తట్టాడు, తనది తప్ప. పోలమ్మకి వేరే చెప్పాలా, ఈపాటికి షెల్టరులోనే ఉంటుంది అనుకున్నాడు. పోలమ్మ సరుగుడు తోటలో పొయ్యిలోకి గంపలో ఎండాకు ఏరుకుంటోంది; పడవలు తిరిగొచ్చాయని ఆమెకు తెలియదు.

గాలికి నిలబడలేక, నడుముకు తాడు కట్టుకుని మరీ దానయ్య నన్ను తిప్పాడు. ఈసారి ఎందుకు అరుస్తున్నానో తలుపు తట్టించుకున్నవాళ్లకు తెలుసు. పిల్లలను చంకనేసుకుని మెట్లెక్కుతున్నారు. అప్పుడు తోటలోంచి ఒక గంప బయటికొచ్చింది. ఒడ్డు వైపు పరుగెడుతోంది.

"ఓలె పోలీ! అటు కాదే! ఎనక్కి రాయే!"

ఆ కేకను గాలి ఎటో ఎత్తుకుపోయింది. నా అరుపు మాత్రం ఆమెకు అందుతోంది. ఆపితే, ఇంకా దారిలో ఉన్నవాళ్లు గండం తప్పిందనుకుని ఆగిపోతారు. తిప్పితే, ఆలస్యమైందనుకుని ఆమె ఇంకా తొందరపడుతుంది. దానయ్య ఏడుస్తూ కొంతసేపు తిప్పాడు. తర్వాత తాడు విప్పుకుని కిందికి పరుగెత్తాడు. పిడి వదిలినా నా చక్రం వెంటనే ఆగదు. ఎవరూ తిప్పకపోయినా, ఆ కాసేపూ నేనామెను పిలుస్తూనే ఉన్నాను.

నీళ్లు తోటను కమ్మేశాయి. నడుము లోతులోంచి దానయ్యను జనం వెనక్కి లాక్కొచ్చారు. మర్నాడు గంప దొరికింది. ఇంకేమీ దొరకలేదు.

చూడటానికొచ్చిన అధికారి ఒకడు, "సైరన్ వినిపించినా లెక్కచేయలేదన్నమాట" అన్నాడు. దానయ్య మళ్లీ ఆ మేడ ఎక్కలేదు. ఉప్పుగాలికి నా పిడి బిగుసుకుపోయింది. ఇప్పుడు పాత ఇనుము కొట్టు వెనక, విరిగిన పడవ ఇంజన్ల మధ్య పడి ఉన్నాను. రేపో మాపో కరిగిస్తారు. నన్ను ఉంచమని అడగను.

మీరు మాత్రం ఒకటి చేయండి. తుఫాను వార్తల్లో "హెచ్చరికలు లెక్కచేయక" అన్న మాట వినబడితే, దానయ్య భార్య పోలమ్మను తలుచుకోండి. ఆవిడ నా మాట వినలేదంటే నమ్మకండి. ఎప్పటిలాగే, అందరికన్నా ముందు వచ్చింది.