బెల్లం తూకం

గుర్వమ్మ ఏడో తరగతి పాసైన సంగతి చాలా ఏళ్లదాకా ఎవరికీ అక్కరకు రాలేదు. కురుమగూడెంలో ఆమె చదువుకు ఉన్న పనల్లా ఒక్కటే. హాలియా అంగడికి పోయిన రోజున బస్సు మీది ఊరిపేరు చదివి, ఎక్కొచ్చో ఎక్కకూడదో చెప్పడం. అత్త సత్తమ్మ మాత్రం దానికే పొంగిపోయేది. "మా కోడలు సదివిన బస్సు తప్పుతదా" అని దారిపొడవునా అందరికీ వినిపించేది.

ఇంతలో సాగర్ కాల్వకు నీళ్లొచ్చాయి. జొన్న చేలన్నీ వరి మళ్లయ్యాయి. అప్పటిదాకా గొర్రెల వెంట తిరిగిన ఆడవాళ్లంతా నాట్లకు దిగారు. పిల్లల్ని ఏం చేయాలో ఎవరికీ పాలుపోలేదు. గట్టు మీద కూచోబెడితే కాల్వ దగ్గరికి పాకుతారు, ఇంట్లో వదిలితే పొయ్యి దగ్గరికి పాకుతారు. ఒకరోజు రామమ్మ కొడుకు సైదులు కాల్వలో జారిపడ్డాడు. ఎవరో జుట్టు పట్టి లాగారు కాబట్టి బతికాడు. ఆ రోజునుంచి రామమ్మ వాణ్ని చంక దించితే ఒట్టు. నాటు వేసినా వీపుకు కట్టుకునే వేసేది.

ఆ సంగతి బ్లాకు ఆఫీసుదాకా పోయింది. పగలంతా పిల్లల్ని చూసుకునే బాలవాడి ఇస్తామన్నారు. గది ఊరివాళ్లు చూపించాలి, పాలపొడి సర్కారు పంపిస్తుంది. కాని దాన్ని నడిపే మనిషికి మాత్రం షరతులున్నాయి. అదే ఊరి ఆడమనిషై ఉండాలి, ఇరవై ఏళ్లు నిండి ఉండాలి, ఏడో తరగతి పాసై ఉండాలి, నల్లగొండలో ఆర్నెల్ల శిక్షణ పొందాలి. ఊరంతా జల్లెడ పట్టినా ఆ లెక్కకు సరిపోయింది గుర్వమ్మ ఒక్కతే. మూడేళ్ల కొడుకు కురుమయ్యను వదిలి ఆర్నెల్లు ఎట్లా అని ఆమె మగడు పర్వతాలు నసిగితే, సత్తమ్మ ఒక్క మాటతో నోరు మూయించింది.

"నిన్ను పెంచలేదారా నేను? వాన్ని గూడ పెంచుత. పోనియ్యి పిల్లను."

నల్లగొండలో మొదటి వారమంతా గుర్వమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. పెళ్లయి బిడ్డనెత్తిన మనిషి చేతులూపుకుంటూ చిలకమ్మ పాట పాడడమేమిటి! కాని రెండో నెలకల్లా ఆ పాట నోటికి అంటుకుపోయి, బట్టలు ఉతుకుతూ కూడా చేతులు ఊపడం మొదలుపెట్టింది. పాలపొడి ఉండలు కట్టకుండా కలపడం, పేలు చూడడం, గోళ్లు తీయడం, దెబ్బకు కట్టు కట్టడం అన్నీ నేర్చుకుంది. కట్టు కట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఎన్ని గొర్రెపిల్లల కాళ్లకు కట్టి ఉంటుందో మరి. అక్కడి టీచరు అన్నిటికన్నా గట్టిగా చెప్పింది బరువు గురించి. "పిల్లవాడు ఆడుతున్నాడని మురిసిపోకండి. తూచి చూడండి. తూకం తగ్గినవాడికి పాలు పెంచండి. దానికే ఈ పట్టిక." ఆ మాట గుర్వమ్మ మనసుకు పట్టుకుంది.

చివరి షరతు ఒకటి మిగిలింది. సొంత ఊళ్లో ఒక నెల బాలవాడి నడిపి చూపించాలి. నెల చివర సూపర్‌వైజరు అమృతమ్మగారు వస్తారు. పిల్లలు వస్తున్నారా, ఒళ్లు శుభ్రంగా ఉందా, పాలు తాగుతున్నారా, ఒక్కొక్కరి తూకం గోడమీద పట్టికలో రాసి ఉందా అని చూస్తారు. అన్నీ సరిగ్గా ఉంటే ఉద్యోగం ఖాయం. లేదంటే బాలవాడి పక్కూరికి పోతుంది. అక్కడ శిక్షణ అయిన మరో పిల్ల కాచుకుని కూచుంది.

నెల బాగానే గడిచింది. పిల్లలొచ్చారు, పాలు తాగారు. రామమ్మ కూడా సైదుల్ని తెచ్చేది. కాని వదిలిపెట్టి పోయేది కాదు. పొద్దంతా గడపమీద కూచుని, వాడు ఎటు కదిలితే అటు చూసేది. ఎన్ని రోజుల కూలి పోగొట్టుకుందో పాపం. గుర్వమ్మకు ఆ గడప చూస్తే మనసు చివుక్కుమనేది. నమ్మి వదల్లేని బాలవాడి ఏం బాలవాడి!

సూపర్‌వైజరు వచ్చే ముందురోజు గుర్వమ్మ పట్టిక నింపడానికి పూనుకుంది. పిల్లల్ని తూచే ఉయ్యాల ఇంకా రాలేదు. లేనిచోట కోమటి తరాజు వాడుకోండని నల్లగొండలోనే చెప్పారు. దుకాణం వెంకటయ్య ఆముదాలు తూచే పెద్ద తరాజు ఇచ్చాడు. దాన్ని వాసానికి వేలాడదీసి, ఒక పళ్లెంలో గొంగడి మడిచి పరిచి సైదుల్ని కూచోబెట్టింది. రెండో పళ్లెంలో ఇనుప తూకపురాళ్లు పేరుస్తోంది. వాడు ఊగుతూ కేరింతలు కొడుతున్నాడు. సరిగ్గా అప్పుడే, గడప వదిలి పక్క బావిదాకా మాత్రం నీళ్లకు పోయిన రామమ్మ కుండతో వచ్చింది.

కుండ అక్కడే పగిలింది.

"అయ్యో, అయ్యో! నా కొడుకును తరాజుల ఏసినవా అక్కా! కోసినంక గదా తూకమేసేది! బతికున్నోన్ని తూస్తవా?"

గుర్వమ్మ చేతిలో రాయి చేతిలోనే ఉండిపోయింది. నిజమే కదా! కురుమవాళ్లు బతికున్న జీవాన్ని ఎప్పుడూ తూచరు. బేరగాడు వచ్చి వెన్ను పిసికి చూస్తాడు, తువ్వాల కింద వేళ్లు పట్టుకుని ధర తేలుస్తాడు. గొర్రె తరాజెక్కేది మాంసమయ్యాకే. పుట్టినప్పటినుంచి చూసిన ఆ సంగతి శిక్షణ తెచ్చిన ఊపులో ఆమెకు గుర్తే రాలేదు. మళ్లల్లోకి కేక పోయింది. బురద కాళ్లతో తల్లులు పరుగెత్తుకొచ్చి ఎవరి పిల్లల్ని వాళ్లు ఎత్తుకుపోయారు. గదిలో కురుమయ్య ఒక్కడే మిగిలాడు. వాడికి మాత్రం అందరి పాలూ తానే తాగొచ్చని మహా సంతోషంగా ఉంది.

ఇంటికొచ్చిన కోడల్ని చూసి సత్తమ్మ ముందు తిట్టింది.

"ఆర్నెల్లు నల్లగొండ నీళ్లు తాగంగనే కురుమోళ్ల ఇండ్ల పుట్టిన ముచ్చట మరిసినవా?"

"మరిసిన అత్తా. తప్పయింది. రేపు ఆ అమ్మగారికి ఏం సూపియ్యాలె?" అంటూ గుర్వమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

ఆ కన్నీళ్లు చూసి సత్తమ్మ మెత్తబడింది. "ఫికర్ జెయ్యకు. మన కురుమయ్యను ముందుగాల కూసోబెడదం" అని ఇల్లిల్లూ తిరిగి వచ్చింది. "మీ పిల్లగాడు మీ ఇష్టం" అన్నారు అందరూ. తమ పిల్లల్ని మాత్రం గుమ్మం దాటనివ్వలేదు.

తెల్లవారగానే గుర్వమ్మ తరాజు భుజానేసుకుని దుకాణానికి పోయింది. ఇచ్చేసి వద్దామనే పోయింది. వెంకటయ్య అప్పుడే బెల్లం బస్తా విప్పుతున్నాడు. ఆ వాసన తగలగానే ఆమె కాళ్లు ఆగిపోయాయి. చిన్నప్పుడు తనకు అమ్మవారు పోసి తగ్గితే, తల్లి తీసుకుపోయి బీరప్ప గుడి ముందు తరాజులో కూచోబెట్టింది. అవతలి పళ్లెంలో రాళ్లు లేవు. బెల్లం ఉంది. ఆ రోజు ఎవరూ కుండలు పగలగొట్టుకోలేదు. డప్పులు కొట్టారు.

"సేటూ, తరాజు, రాళ్లు జర గీ పూట గూడ ఉండనియ్యి. బెల్లం ముద్దలు గూడ గావాలె, తూచి ఇయ్యి. అయినంక మళ్ల తెచ్చిస్త."

వెంకటయ్య ఒక్కో ముద్దా తూచి, తూకం కాగితం ముక్క మీద రాసి ముద్దకు అంటించాడు. సత్తమ్మ ఈ కబురు మోసుకుని వీధిలో పడింది. "బాలవాడిల బీరప్ప పేరు మీద పిల్లలకు బెల్లం తూకం! మొక్కులున్నోళ్లు రాండ్రి!" మొక్కు లేని తల్లి ఏ ఊళ్లో ఉంటుంది? కాసేపటికి వీధంతా నీళ్లు కాచిన పొగ. తలంటి పోసి, కాటుక పెట్టి, ఉన్నంతలో మంచి బట్టలేసి పిల్లల్ని తీసుకొచ్చారు. నెల రోజులు మొత్తుకున్నా తీయని గోళ్లు కూడా ఆ పొద్దున ఎవరూ చెప్పకుండానే తీశారు.

జీపు దిగిన అమృతమ్మగారు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు.

"ఏంటమ్మా ఇది, పరీక్షకు రమ్మన్నారా, పెళ్లికి రమ్మన్నారా?"

గుర్వమ్మ జరిగిందంతా చెప్పింది, తాను చేసిన తప్పుతో సహా. అమృతమ్మగారు మూతి బిగించి నవ్వాపుకున్నారు. "సరే, బెల్లమో రాయో, తూకం తూకమే. కానివ్వండి" అని పెన్సిలు తీశారు. ముందు కురుమయ్య, తరువాత మిగతావాళ్లు. పళ్లెంలో పెట్టిన ముద్దల మీది అంకెలు కూడుకుంటూ గుర్వమ్మ చెబుతోంది, ఆవిడ రాస్తున్నారు. అందరికన్నా చివర రామమ్మ ముందుకొచ్చి సైదుల్ని కూచోబెట్టింది.

సైదులు బలే తూగాడు. కురుమయ్యను కూడా మించిపోయాడు.

"సూసిండ్రా!" రామమ్మ మొహం వెలిగిపోయింది. "బక్కోడు, బక్కోడు అంటిరి. నా కొడుకు గట్టి పిండం!"

అమృతమ్మగారు పెన్సిలు పట్టికకు ఆనించారు. గుర్వమ్మ చూపు పళ్లెంలోని బెల్లం మీద పడింది. ప్రతి ముద్దకూ పక్కన పళ్ల గాట్లు. కాగితం మీద రాసినంత తూకం ఇప్పుడు ఏ ముద్దలోనూ లేదు. వెనక్కి తిరిగి చూస్తే, తూకం అయిపోయిన పిల్లలందరి మూతులూ జిగటగా మెరుస్తున్నాయి. అందరి ముందూ ఆమె సుపుత్రుడు కురుమయ్య, చేతిలో ఇంకో తునక.

అట్లాగే ఊరుకుంటే ఎవరికీ తెలియదు. పట్టిక నిండుతుంది, ఉద్యోగం వస్తుంది, రామమ్మ సంబరంగా ఇంటికి పోతుంది. సైదులుకు మాత్రం ఒక్క చుక్క పాలు పెరగవు.

"అమ్మగారూ, రాయకుండ్రి. గీ తూకం తప్పు. పోరగాండ్లు బెల్లం తిన్నరు. నేను సూసుకోలే."

అమృతమ్మగారు పెన్సిలు పక్కన పెట్టారు. ఉద్యోగం పోయిందనే అనుకుంది గుర్వమ్మ. అయినా రామమ్మ వైపు తిరిగింది.

"చెల్లే, నీ కొడుకు గంత బరువు లేడు. బక్కగనే ఉన్నడు. ఎంత బక్కగున్నడో ఎరుకైతెనే ఎంత పాలు తాపాల్నో నాకెరుకైతది. రాళ్లతోని తూస్తెనే సక్కగ తెలుస్తది. గని నువ్వు వద్దంటె తూయ."

రామమ్మ కొడుకును పళ్లెంలోంచి ఎత్తుకుంది. ఆ చిక్కిన చేతులు ఆమె మెడ చుట్టూ ఉన్నాయి. వాడి బరువు తల్లికి తెలియక కాదు, ఒకరి నోట వినడానికి భయం. చివరికి ఎంగిలి ముద్దలోంచి బెల్లం తునక విరిచి, ఒక్కో ఇనుపరాయికీ తాకించి, తునక కొడుకు నోట్లో పెట్టింది.

"బీరప్పా, గీ రాళ్లు గూడ బెల్లమే అనుకో అయ్యా" అని వాణ్ని పళ్లెంలో కూచోబెట్టింది.

రాళ్లు కొద్దిగానే పట్టాయి. అమృతమ్మగారు ఆ తూకం రాసి, "వీడికి రోజూ ఇంకో గ్లాసు పాలివ్వాలి" అన్నారు.

"రెండు తాపియ్యక్కా" అంది రామమ్మ.

మిగతా పిల్లల్నీ ఆ రాళ్లతోనే మళ్లీ తూచి పట్టిక సరిచేశాక, తల్లులు నాట్లకు బయలుదేరారు. తరాజు కోసం వచ్చిన వెంకటయ్య కొరికిన బెల్లం చూసి, "మొక్కు బెల్లం మళ్ల దుకాణానికి తెస్తరా? పాలల్ల కలుపుండ్రి" అని ఖాళీ తరాజు పట్టుకుపోయాడు. అమృతమ్మగారు సంచీ సర్దుకుంటూ, "తప్పులు రెండు చేశావు. రెండూ నువ్వే చెప్పావు. అలాంటి మనిషి చేతిలో పిల్లల్ని పెట్టొచ్చు. ఆర్డరు పంపిస్తాను" అన్నారు.

గుర్వమ్మకు ఆ మాట సగమే వినబడింది. సైదులుకు రెండో గ్లాసు పట్టిస్తూ ఆమె గడప వైపు చూస్తోంది. అక్కడ ఎవరూ లేరు. దూరంగా, కాల్వ గట్టు మీద, రామమ్మ ఖాళీ చంకతో, వెనక్కి తిరిగి చూడకుండా నాటుకు పోతోంది.