నాలుగు వందల చట్రాలు

మార్కాపురంలో మణెమ్మ నోటికి భయపడనివాళ్ళు ఇద్దరే. ఒకరు ఆమె ఎద్దు, రెండోవాడు ఆమె మొగుడు మోషే. ఎద్దుకు ఆ గొంతు అలవాటైపోయింది. మోషేకు సగం మాటలు వినబడవు, వినబడిన సగానికి జవాబు చెప్పడు. ముప్పై ఏళ్ళ కాపురంలో అతను గట్టిగా మాట్లాడగా విన్నవాళ్ళు పేటలో ఒక్కరు కూడా లేరంటే నమ్మండి.

అతని చేతులు మాత్రం మాట్లాడతాయి. పలకల కార్ఖానాలో రాతిని చీల్చి నున్న చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, మణెమ్మ కూడా ఆ పనిదే. చట్రం బిగించడంలో మోషేకు సాటి లేదు. నల్లమల నుంచి వచ్చిన తెల్ల కర్రను సన్నగా కోసి, మూలల్లో గాడి తీసి, మేకు లేకుండా ఒకదాంట్లో ఒకటి దూరుస్తాడు. నాలుగు మూలలూ గుండ్రంగా అరగదీస్తాడు. దానికి కారణం ఉంది. కూతురు ఎలీషబా ఐదేళ్ళప్పుడు చట్రం లేని పలక ముక్క పట్టుకుని అరచెయ్యి కోసుకుంది. ఆ నెత్తురు చూసిన రోజు నుంచి మోషే చేతిలోంచి మూల గుచ్చుకునే పలక బయటికి పోలేదు.

ఆ ఎలీషబా ఇప్పుడు పంతులమ్మ. మిషను వాళ్ళు ఆమెను కృష్ణకు అవతల, నైజాం రాజ్యంలో ఒక పల్లెకు పంపారు. మార్కాపురం కర్నూలు జిల్లాలో, కర్నూలు జిల్లా మద్రాసు కింద ఉన్న రోజులవి. ఏరు దాటితే రాజు వేరు, రూపాయి వేరు, కచేరీలో భాష వేరు. మాట్లాడుకునే తెలుగు మాత్రం అదే, కాస్త యాస మారుతుందంతే.

పది రోజుల కిందట ఎలీషబా దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. మణెమ్మే చదివింది. నలభై ఏళ్ళు దాటాక కూతురు దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దిన మనిషి ఆమె. ఇప్పటికీ వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుతుంది, కానీ చదువుతుంది.

"అమ్మా, ఇక్కడి దొర మన మాదిగోళ్ళ పిల్లలు చదవడానికి వీల్లేదన్నాడు. వాళ్ళు పలక పడితే గొడ్లెవరు కాస్తారని అడిగినాడు. చుట్టుపక్కల అంగళ్ళలో మాకు పలకలు అమ్మొద్దని చెప్పినాడు. పై నెల మొదటి శుక్రవారం తనిఖీ అధికారి వస్తాడు. పిల్లల చేతుల్లో పలకలు లేకపోతే ఇది బడి కాదని రాసి మూసేస్తాడంట. మా బడి తర్వాత చుట్టూ ఉన్న ఎనిమిది పల్లెల బడులూ చూస్తాడు. అన్నిటికీ కలిపి నాలుగు వందలు కావాల."

మణెమ్మ ఉత్తరం మడిచి రొండిన దోపుకుంది.

"గొడ్లెవరు కాస్తారంటనా? ఆ దొరనే కాసుకోమను, ఒళ్ళన్నా తగ్గుతుంది. ఏమయ్యా, ఇన్నావా? నాలుగు వందలు!"

మోషే విన్నాడు. అప్పటికే లేచి కర్ర కోయడం మొదలుపెట్టాడు.

కార్ఖానా యజమాని రాళ్ళు అరువిచ్చాడు. పేటలోవాళ్ళంతా తలా ఒక చెయ్యి వేసి రాళ్ళు నున్న చేశారు. మోషే తిండి కూడా పని దగ్గరికే తెప్పించుకుని చట్రాలు బిగించాడు. బండి సొంతం. ఎద్దుల్లో ఒకటి సొంతం, రెండోది మణెమ్మ అన్న ఏబేలు ఇచ్చింది. గడ్డి పరిచి, పలకలు నిలువుగా పేర్చి, మధ్య మధ్య మళ్ళీ గడ్డి కుక్కి, ఆ పైన బలపాల మూట, మోషే పనిముట్ల సంచి, జొన్నపిండి మూట, కుండ వేసుకుని ఆలుమగలు బయల్దేరారు. పగ్గాలు మణెమ్మ పట్టింది. ఆడది బండి తోలడమేందని త్రిపురాంతకం దగ్గర ఒకడు నవ్వితే, "నా మొగుడు తోలితే ఎద్దులు నిద్ర పోతాయి నాయనా" అని నవ్వుతూనే అదిలించి వచ్చింది.

ఎర్రగొండపాలెం దాటి, మాచర్ల దాటి, ఐదో రోజు బుధవారం పొద్దెక్కేసరికి కృష్ణ ఒడ్డుకు చేరారు. బండిని బల్లకట్టు మీదికి ఎక్కించారు. నడి ఏట్లోకి వచ్చాక మోషే రెండు చేతులతో బండి చక్రం పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"పేరేమో సముద్రాన్ని చీల్చిన మోషేది, నీళ్ళు చూస్తే కాళ్ళు వణుకు. నీకు ఆ పేరు పెట్టిన పాస్టరయ్య ఉంటే అడిగేదాన్ని!" అంది మణెమ్మ. బల్లకట్టు మీదున్న మిరపకాయల వర్తకుడు, ఇద్దరు గొడ్ల బేరగాళ్ళు, యాత్ర పోతున్న ఒక ముసలమ్మ అందరూ నవ్వారు. మోషే కూడా కళ్ళు తెరవకుండానే నవ్వాడు.

అవతలి గట్టు ఎక్కగానే నైజాం వాళ్ళ సుంకం నాకా. ఒక పెంకుటిల్లు, దారికి అడ్డంగా ఒక కర్ర దుంగ, అరుగు మీద మున్షీ. పక్కన ఇద్దరు జవాన్లు. మిరపకాయల వర్తకుడి మూటలు చూసి, చీటీ రాసి ఇచ్చి, మున్షీ బండి వైపు తిరిగాడు.

"ఏముంది బండిల?"

"పలకలయ్యా. బడి పిల్లోళ్ళకు."

ఆ మాట వినగానే మున్షీ కలం పక్కన పెట్టాడు. వీళ్ళ కోసమే కూర్చున్నట్టు ఉంది అతని వాలకం.

"బడి సామాన్‌కు పైనుంచి కాయితం గావాలె. తెచ్చిండ్రా?"

"కాయితమా? యాడ ఇస్తారు?"

"హైద్రాబాద్ల. అర్జీ పెట్టుకుంటే నెలకో, రెండు నెలలకో వస్తది."

"సుంకం ఎంతో చెప్పయ్యా, కట్టిపోతాం."

"సుంకం ముచ్చట గాదు. కాయితం లేకుంటే బండి కదలదు."

లంచం అడిగినా బాగుండేది. అడగలేదు. అప్పుడు అర్థమైంది మణెమ్మకు. దొర మాట ఈ అరుగు దాకా ముందే వచ్చి కూర్చుంది. ఆమె ఒళ్ళు మండిపోయింది. ఎదురుగా ఉన్నవాడు సర్కారు మనిషి కాకపోతే ఆ క్షణాన ఏం చేసేదో ఆమెకే తెలియదు. శుక్రవారం ఎల్లుండి. కూతురు నలభై ముగ్గురు పిల్లల్ని వరసలో కూర్చోబెట్టుకుని దారికేసి చూస్తూ ఉంటుంది. ఒట్టి చేతులు చూసి ఆ తనిఖీ ఆయన బడి మూసి పోతాడు. దొర తిరిగి గొడ్లు తోలిస్తాడు.

అప్పుడామె కళ్ళు గోడ మీద పడ్డాయి. గోడకు రేకు బోర్డు ఒకటి కొట్టి ఉంది. పైన ఉర్దూ, కింద తెలుగు. మణెమ్మ బండి దిగి బోర్డు దగ్గరికి పోయింది. వేలు పెట్టింది. పెదవులు కదిలాయి.

"ఏయ్, ఏం జేస్తున్నవ్?" అన్నాడు మున్షీ.

"చదువుతున్నా. ఉండు." ఆమె గొంతు పెంచింది. "బట్టలు... పొగాకు... కలప... వీటికి సుంకం. రా...ళ్ళు. ఇసుక. గడ్డి. పేడ. సుంకము లేదు. చీటీ... అక్కర లేదు."

బల్లకట్టు దిగిన జనం కదలకుండా నిలబడ్డారు. మాదిగ ఆడది వేలు పెట్టి సర్కారు బోర్డు చదవడం ఆ గట్టున ఎవరూ చూసి ఉండరు. మున్షీ కూడా చూసి ఉండడు. చూసినవాడిలా లేడు.

"నా బండిలో ఉండేది రాయి. మార్కాపురం గనిలో రాయి. చట్రం వేసినందుకే కదా అది పలకైంది? చట్రం తీసేస్తే ఏందది? నువ్వే చెప్పు."

గొడ్ల బేరగాళ్ళలో ఒకడు "రాయే అయితది" అన్నాడు వెనక నుంచి.

మోషే అప్పటికే గడ్డి పక్కకు తీసి ఒక పలక ఒళ్ళో పెట్టుకున్నాడు. మూల దగ్గర ఉలి ఆనించి కొయ్య సుత్తితో చిన్నగా తట్టాడు. చట్రం విరగకుండా నాలుగు ముక్కలుగా ఊడి వచ్చింది. ఆ ముక్కల్ని జతగా తాడుతో కట్టి పక్కన పెట్టాడు. రెండోది తీసుకున్నాడు. నాకా దాటాక మళ్ళీ బిగించుకోవచ్చని అతని లెక్క. మణెమ్మకూ అదే ఆశ.

పది చట్రాలు ఊడే దాకా మున్షీ చూశాడు. తర్వాత నిదానంగా లేచి వచ్చాడు.

"మంచిగుంది. రాళ్ళు పోనీయండ్రి. గీ కట్టెలు మాత్రం పోవు. నాకా దాటినంక మళ్ళ బిగిస్తరు గదా? గవి బడి సామానే. ఈడ్నే పెట్టి పోండ్రి."

మణెమ్మ లెక్క వేసింది. తిరిగి తమ గట్టుకు పంపుదామంటే బల్లకట్టు రేపు గానీ కదలదు. ఇక్కడ వదిలితే వీడి పొయ్యిలోకి పోతాయి, లేకపోతే దొర ఇంటికి పోతాయి. ఆమె మొగుడి చేతులు చూసింది. కర్ర కోసి కోసి బొటనవేళ్ళు రెండూ పగిలి ఉన్నాయి. చట్రం లేకపోతే పలకల మూలలు పిల్లల చేతులు కోస్తాయనే ఆలోచన వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి మున్షీకి కనిపించకూడదని ఎద్దుల వైపు తిరిగింది.

ఫట్‌మని చప్పుడైంది.

మోషే ఒక చట్రం మోకాలికి ఆనించి రెండుగా విరిచాడు. ఇంకోటి తీసుకున్నాడు. విరిచాడు. జాగ్రత్తగా కట్టిన పది జతల తాళ్ళూ విప్పి, ఒక్కొక్కటే విరిచి, నాకా అరుగు ముందే కుప్ప వేశాడు. ముఖంలో ఏమీ లేదు. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"మే," అన్నాడు పెళ్ళాంతో. "ఆకలైతాంది. కుండ దించు. సంగటి వండుకుందాం."

మణెమ్మ ఒక్క క్షణం అతని వంక చూసింది. తర్వాత పకపకా నవ్వింది. నవ్వుతూనే మూడు రాళ్ళు పెట్టి, చట్రాల ముక్కలు దోపి, అగ్గి చేసింది. బాగా ఎండిన కర్ర, బ్రహ్మాండంగా అంటుకుంది.

"ఇది సర్కారు జాగా!" అన్నాడు మున్షీ.

"వంట చేసుకోవద్దని బోర్డులో ఉందా? ఉంటే చెప్పు, మళ్ళ చదువుతా."

జనం నవ్వారు. ముసలమ్మ వచ్చి మణెమ్మ పక్కన చతికిలబడి, "నాకూ ఒక సుత్తి ఇయ్యి బిడ్డా" అంది. గొడ్ల బేరగాళ్ళు తలపాగాలు తీసి నడుముకు చుట్టుకుని వచ్చారు. మోషే ఒక్కొక్కరికీ ఉలి ఎక్కడ ఆనించాలో, ఎంత తట్టాలో చూపించాడు. రాతికి దెబ్బ తగలకూడదు, అంతే. మధ్యాహ్నం ఎండలో నాలుగు వందల చట్రాలు ఊడాయి, విరిగాయి, మండాయి. సంగటి ఉడికింది. ఎవరికి కావాలంటే వాళ్ళకు మణెమ్మ ముద్ద పెట్టింది. మిరపకాయల వర్తకుడు మూట విప్పి గుప్పెడు కాయలు ఇచ్చాడు, నిప్పుల మీద కాల్చి ఉప్పుతో నూరుకున్నారు. జవాన్లలో ఒకడు మున్షీ చూడనప్పుడు చెయ్యి చాచాడు. వాడికీ పెట్టింది.

పొద్దు వాలే వేళకు బండిలో గడ్డి ఉంది, రాళ్ళు ఉన్నాయి. మున్షీ ఒక రాయి తీసి తిప్పి తిప్పి చూశాడు.

"వేలితో కొట్టి చూడు," అంది మణెమ్మ. "పగుళ్ళు లేని రాయి ఖంగుమంటుంది."

అతను కొట్టలేదు. రాయి పెట్టేసి జవాన్లకు చెయ్యి ఊపాడు. అడ్డదుంగ పైకి లేచింది.

గురువారం పొద్దున పల్లె చేరారు. ఎలీషబా పరుగెత్తుకొచ్చి బండిలోకి తొంగిచూసి, "చట్రాలేవి నాయనా?" అంది. మోషే జవాబు చెప్పకుండా వాగులోకి పోయి గరుకు రాళ్ళు ఏరుకొచ్చాడు. ఆ పగలంతా వంచిన తల ఎత్తలేదు. ఈ బడివి ముందు పెట్టుకుని ఒక్కొక్క పలక అంచూ, మూలా అరగదీశాడు; మిగతా పల్లెల వంతు ఆ తర్వాత. పిల్లల తల్లులు కూలి నుంచి వచ్చి అతని చుట్టూ కూర్చున్నారు. పాత చీరల అంచులు చింపి పలకల చుట్టూ గంజితో అంటించారు. కొన్నిటికి ఎర్ర అంచు, కొన్నిటికి పసుపు. ఇంత చేసినా ఇద్దరు పిల్లల వేళ్ళు తెగాయి. మోషే ఆ పలకలు మళ్ళీ అరగదీశాడు.

శుక్రవారం తనిఖీ అధికారి గుర్రం మీద వచ్చాడు. వెనకాల దొర మనిషి ఒకడు వచ్చి గడపలో నిలబడ్డాడు. అధికారి వరసల మధ్య నడిచాడు. నలభై మూడు పలకలు. చూరు కింద వంగి నిలబడి, "మీ ఊరి పేరు రాయండి" అన్నాడు. బలపాల కిరకిర తప్ప ఇంకో చప్పుడు లేదు. ఒకళ్ళిద్దరు తప్పు రాసి ఉమ్మితో తుడిచి మళ్ళీ రాశారు. ఆయన అన్నీ చూశాడు. తర్వాత నోటుబుక్కు తీసి ఉర్దూలో ఏదో రాసుకున్నాడు.

మణెమ్మకు ఆ రాత రాదు. ఊరుకునే మనిషీ కాదు.

"ఏం రాసినారయ్యా? చదివి చెప్పండి."

"అమ్మా!" అంది ఎలీషబా భయంగా.

అధికారి తలెత్తి ఆమెను ఎగాదిగా చూశాడు. ఏమనుకున్నాడో, చదివాడు. "పిల్లలు నలభై మూడు. పలకలు నలభై మూడు. బడి నడుస్తున్నది."

"పలకలనే రాసినారు కదా? రాళ్ళని రాయలేదు కదా?"

"రాళ్ళని ఎందుకు రాస్తాను?"

మణెమ్మ గడపలో ఉన్న దొర మనిషి వైపు తిరిగి, "విన్నావుగా? పోయి చెప్పు," అంది. వాడు వెళ్ళిపోయాడు.

అధికారి ముందు వరసలో పిల్ల చేతిలోని పలక తీసుకుని గుడ్డ అంచు తడిమి చూశాడు. "మార్కాపురం పలకలు నేను చూశాను. మంచి చట్రాలుంటాయి. వీటికి లేవేం?"

ఆయన మణెమ్మనే అడిగాడు. అందరూ మణెమ్మే చెబుతుందనుకున్నారు. కానీ మూల నుంచి మోషే లేచాడు. పగిలిన చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"ఉండేవయ్యా. నేనే చేసినా." అతని గొంతు గది అంతా వినిపించింది. "నాకా కాడ సంగటి వండుకున్నాం. బాగా ఉడికింది."