ఐజక్ చెప్పాడంటే

మా ఆయన ఐజక్ షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో స్పేర్ పార్టుల గోడౌన్‌లో స్టోర్‌కీపరు. అక్కడ ఆయన మాట ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు కూడా వినడు. ఫోన్ ముందు నిలబడితే మాత్రం లక్షా ఎనభై వేల మంది వింటారు. ‘ఐజక్ మాట’ అని ఛానెల్ పేరు. మొదట్లో నేను తెగ నవ్వేదాన్ని. ఇంట్లో గ్యాస్ అయిపోయిందని మూడుసార్లు చెప్తే గానీ చెవికెక్కని మనిషి, ఊరికి రాజకీయం చెప్తాడట!

దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో మాది ఒకటే గది. ఏసీ రొద వీడియోలో పడుతుందని ఆపేసేవారు. గొంతు బాగా వినపడుతుందని బీరువా తెరిచి, నా చీరల మధ్య ఫోన్ నిలబెట్టి మాట్లాడేవారు. నేను క్లినిక్‌లో పన్నెండు గంటల కోవిడ్ డ్యూటీ చేసి వచ్చి, పక్కన నిలబడి అట్టముక్కతో ఆయనకి విసరాలి. ఈ దేశం గురించి పొరపాటున కూడా ఒక్క ముక్క అనేవారు కాదు, ఆ తెలివి ఉంది. మాట్లాడేదంతా మా ఊళ్ల గురించే.

మా పుట్టింటి ఊళ్లో రొయ్యల ఫ్యాక్టరీ మురుగు మంచినీళ్ల బోర్లలోకి దిగుతోందని బయటపెట్టింది ఆయనే. మా అక్క మరియకుమారి ఆ నీళ్లు సీసాలో పట్టి వీడియో తీసి పంపేది, ఈయన దాన్ని చూపించి ఫ్యాక్టరీ వాళ్లని కడిగేసేవారు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద ఊరంతా ఒక ఫోన్ చుట్టూ మూగి చూసేదట. నెల తిరక్కుండా అధికారులు వచ్చి ఫ్యాక్టరీ గేటుకి తాళం వేశారు. “ఐజక్ చెప్పాడంటే జరిగి తీరుద్ది” అన్నారు ఊళ్లో. అబద్ధమెందుకు, ఆ రోజు నేనూ గర్వపడ్డాను.

రెండు నెలలకే తాళం ఊడింది, ఈయన మీద కేసు పడింది. వదంతులు పుట్టించి జనాన్ని రెచ్చగొట్టాడట. ఆ సంగతి మాకు తెలిసిందే పాస్‌పోర్ట్ రెన్యువల్‌కి పెట్టాక. పోలీస్ వెరిఫికేషన్ దగ్గర కాగితం ఆగిపోయింది. మార్చి ఆఖరుతో పాస్‌పోర్ట్ గడువు అయిపోతుంది. పాస్‌పోర్ట్ లేకపోతే వీసా లేదు, వీసా లేకపోతే ఇక్కడ ఉండనివ్వరు. పోనీ ఇంటికి వెళ్దామా అంటే దిగీ దిగగానే పట్టుకుపోతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గోడౌన్‌లో ముదీర్, అంటే మేనేజరు, రోజూ ఒకటే పాట: “పాస్‌పోర్ట్ లావ్ ఐజక్, నహీ తో ఖలాస్.”

జనవరిలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మా ఊరి సర్పంచ్ పదవి ఎస్సీ మహిళకి రిజర్వ్ అయింది. నీళ్ల కోసం తిరిగిన మనిషని అందరూ కలిసి అక్కని నిలబెట్టారు, కత్తెర గుర్తు మీద. ఫ్యాక్టరీ వాళ్లు తమ మనిషిని ఉంగరం గుర్తు మీద నిలబెట్టారు. ఆ వారమే ఎమ్మెల్యే పనులు చక్కబెట్టే రామ్మోహనరావు నాకు ఫోన్ చేశాడు.

“చూడమ్మా షర్మిలా, మీ ఆయన నా ఫోన్ ఎత్తట్లేదు. ఒక్క వీడియో పెట్టమను. మూడంటే మూడు నిమిషాలు. ఉంగరానికి వెయ్యమని చెప్తే చాలు. కేసు సంగతి నాకొదిలెయ్.”

ఆయనకి చెప్తే అంతెత్తున లేచారు. “మీ అక్కకి ఎదురు నేనెట్టా చెప్తానే? చచ్చినా చెప్పను.”

“మీరు చావక్కర్లేదు. మూడు నిమిషాలు మాట్లాడండి చాలు!” అని అరిచాను. నాకు ఒళ్లు మండిపోయింది, భయంతో మండింది. జైలు ఆయనకి, ఇక్కడ ఒంటరి బతుకు నాకు. రెండు రోజులు ఆయన అన్నం ముట్టలేదు, నేను బతిమాలడం మానలేదు. పైగా నా లెక్క నాకుంది. ఊరంతా అక్క వెనకే ఉంది, ఈయన చెప్తే పదో పాతికో ఓట్లు అటు పోతాయి, అక్క ఎలాగూ గెలుస్తుంది. కట్టుకున్న దాన్ని, నేనే ఏనాడూ ఆయన మాట విన్న పాపాన పోలేదు, ఊరు వింటుందా!

ఆఖరికి “నా చేత్తో రాయలేను, నువ్వే రాయి” అన్నారు. క్లినిక్ కాగితం వెనక నేనే రాశాను. “మరియకుమారి వదిన మంచిదే. మంచితనంతో బోరు పడదు. అధికారం ఉన్నవాళ్లతో ఉంటేనే మనకి నీళ్లొస్తాయి. అన్నీ ఆలోచించే చెప్తున్నాను, ఉంగరానికి వెయ్యండి.” వదిన అన్న మాట దగ్గర ఆయన ఆగిపోయారు. మళ్లీ మొదలుపెట్టించాను. ఐదోసారికి బాగా వచ్చింది. కళ్లలో నీళ్లు కూడా నిజం నీళ్లే.

పోలింగ్ రోజు సాయంత్రం డ్యూటీ దిగి, నలుగురం కలిసి డబ్బులిచ్చి వెళ్లే కార్ లిఫ్ట్ కోసం నిలబడ్డాను. ఫోన్ మోగింది, రామ్మోహనరావే.

“అదరగొట్టాడమ్మా మీ ఆయన! ముప్పై ఏడు ఓట్లతో మనమే. ఆ వీడియో లేకపోతే వంద ఓట్లతో ఓడేవాళ్లం.”

అక్క ఓడిపోయిందన్నమాట. అయినా సిగ్గు లేకుండా అడిగాను, “మరి కేసండీ?”

“తొందరెందుకూ? ముందు జెడ్పీటీసీ ఎన్నికలున్నాయి కదా. ఇంత బాగా చెప్పేవాణ్ని అప్పుడే ఎట్టా వదులుకుంటాం? ఇంకొక్క వీడియో పెట్టమను, అప్పుడు చూద్దాం.”

“మార్చికే పాస్‌పోర్ట్ అయిపోద్దండీ” అంటూనే ఉన్నాను, పెట్టేశాడు.

గదికి వచ్చేసరికి ఆయన బీరువా ముందు నేల మీద కూర్చుని ఉన్నారు. అక్క ఫోన్ ఎత్తలేదు. అమ్మకి చేశాను.

“తలుపేసుకుందే మీ అక్క. పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు” అంది అమ్మ.

“ఊళ్లో వాళ్లు ఎంత పని చేశారమ్మా!” అన్నాను. ఎంత నీతిమాలిన నోరు నాది!

“ఊళ్లో వాళ్లనెందుకంటావు?” అని గొంతు తగ్గించింది అమ్మ. “నేనూ ఉంగరం మీదే గుద్దానే. అల్లుడు గారు కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పారు కదా, వదినకి వెయ్యొద్దని ఊరికే చెప్తారా? దానికి పదవి లేకపోతే లేకపోయింది, నీళ్లొస్తే అంతే చాలనుకున్నా. అక్కతో అనమాక.”

“అననమ్మా” అన్నాను.

“ఇంతకీ నీళ్లు ఎప్పుడొస్తాయంట? అందరూ నన్నే అడుగుతున్నారు. అల్లుడు గారున్నారా? ఒకసారి ఇవ్వు, ఆయన చెప్తే నమ్ముతారు.”

ఫోన్ ఆయన వైపు చాపాను. ఆయన తీసుకోలేదు.